భాగ్యమ్మ నేల విడిచిన రోజు

పుప్పాలగూడలో ఆ టాటూ దుకాణం పైఅంతస్తులో ఆదివారం వచ్చిందంటే మనుషులు గాల్లోకి లేస్తారు. వీపు తోలుకు కొక్కేలు గుచ్చించుకుని, తాళ్లతో పైకి లాగించుకుంటారు. అంతా పెద్దవాళ్లు, తమ ఇష్టంతో వచ్చినవాళ్లు, ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లు. ఏడాదిగా అక్కడ నేల తుడుస్తున్న భాగ్యమ్మ మొదట్లో కళ్లు మూసుకునేది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత రెండు కళ్లూ చాల్లేదు. దిగొచ్చినవాళ్ల మొహాల్లో వెలుగు చూసి, అదేందో తనకూ కావాలనుకుంది.

ఇవాళ ఆమె వంతు. యాభై రెండేళ్ల మనిషి మెట్లు రెండేసి ఎక్కింది.

తాళ్లు చూసే అజయ్ అడిగాడు. "పొద్దుగాల ఏం తిన్నవ్ భాగ్యమ్మక్కా?"

"ఏం తింట? తలకు పోసుకుని, నీళ్లు సుత ముట్టకుండ వచ్చిన. ఒక్కపొద్దు ఉన్న" అంది గర్వంగా. బోనమెత్తినా, మొక్కు తీర్చినా ఆమె ఎరిగిన పద్ధతి అదే.

అజయ్ తాడు కింద పెట్టేశాడు. "అయితే ఇయ్యాల లేదు."

"ఏంది, లేదా?"

"ఉత్త కడుపుతోని లేపితే కండ్లు తిరుగుతయ్. నీ పానం మీదికొస్తే ఎవరు జవాబు చెప్పాలె?"

"దేవునికి నేను చెప్పుకుంట, నువ్వు లేపు!"

రోహిణి వచ్చింది. ఆమె దవాఖానలో నర్సు. ఆదివారాలు కొక్కేలు గుచ్చేది ఆమే. "దేవుడికి మీరు చెప్పుకోండి భాగ్యమ్మగారూ, నాకు మాత్రం షుగర్ మెషీన్ చెప్పాలండి" అంటూ వేలు పొడిచి చూసి, తల అడ్డంగా ఊపింది. "తినండి. రెండు గంటలాగి మళ్లీ చూస్తాను. బాగుంటే సరే, లేకపోతే మీ వంతు మళ్లీ వచ్చే నెలే."

పట్టిన ఒక్కపొద్దు ఏనాడూ మధ్యలో విడిచింది లేదు. భాగ్యమ్మ పైన వేలాడే తాళ్లను చూసింది. వచ్చే నెలదాకా ఈ మనసు ఆగేలా లేదు.

"పోచమ్మ తల్లీ, బోనం ముందర పెడితే నువ్వు వద్దంటవా ఏంది?" అని, అజయ్ అన్నం డబ్బా గుంజుకుని పెరుగన్నం కలిపింది.

"అక్కా, నాకు జర మిగుల్చు!"

"నువ్వుండు ఒక్కపొద్దు!"

రెండు గంటల తర్వాత మెషీన్ చూసి రోహిణి నవ్వింది. "ఇప్పుడైనా వద్దనొచ్చండి. మీ ఇష్టమేనా?"

"ఎన్నిసార్లడుగుతవమ్మా? పొడువు!"

మొదటి కొక్కెం దిగగానే "అవ్వో!" అని అరిచింది, మరుక్షణం "ఆపకు" అంది. అన్నీ గుచ్చాక అజయ్ తాడు వేలెడు వేలెడు లాగాడు. వీపు మండింది. మడమలు లేచాయి. బొటనవేళ్లు మాత్రం నేలను వదలనన్నాయి.

"దించాల్నా అక్కా?"

"దించినవంటే మంచిగుండదు!"

ఇంకో గుంజు. వేళ్లు వదిలాయి. ఆ మంట ఎటుపోయిందో ఏమో! కిటికీలో అద్దాల మేడలన్నీ గిర్రున తిరిగొచ్చాయి. భాగ్యమ్మ గొంతెత్తి నవ్వుతూ కేకేసింది.

"రోహిణమ్మా, జర ఊపు!"