మైకులో పడ్డ నలభై ఆరు

సెలెక్ట్ అయ్యారు అన్న మాట నా పేరు పక్కన ఇంత బాగుంటుందని నాకు తెలియదు, తేజస్విని గారూ మీరు సెలెక్ట్ అయ్యారు, మళ్లీ చదివాను, మూడోసారి పైకే చదివాను, గదిలో నేనూ లాప్‌టాపూ పైన కిర్రుమంటున్న ఫ్యానూ తప్ప వినేవాళ్లు ఎవరూ లేరు, పెళ్లయి నలభై రోజులు కూడా కాలేదు, గుడివాడ నుంచి పెడనలో ఈ ఇంటికి వచ్చాక అచ్చంగా నా కోసం వచ్చిన మొదటి మెయిల్ ఇదే, ఇంట్లోనే కూర్చుని ఇంటర్నెట్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం, హైదరాబాదు వాళ్లది, బియ్యెస్సీ లెక్కల్లో కాలేజీ ఫస్టు వచ్చిన దానికి ఆ మాత్రం ఇవ్వరా ఏమిటి అని నాకు నేనే కాలర్ ఎగరేసుకుని, చీరకి కాలర్ ఎక్కడిదని నవ్వుకుని, కింది లైన్లు చదివాను, వందన అనే ఆవిడ రాశారు, మీ విద్యార్థి జవాబులు చాలా చక్కగా చెప్పారు, విద్యార్థి నలభై ఆరు అన్నాక మీరు కావాలనే యాభై అని తప్పు చెప్పి ఆ తప్పు విద్యార్థి చేతే పట్టించిన పద్ధతి మా అందరికీ నచ్చింది, రేపు ఉదయం పది గంటలకు అదే విద్యార్థితో అరగంట లైవ్ పాఠం చెప్పండి, అది బాగుంటే ఒకటో తారీఖు నుంచి చేరవచ్చు, అయితే మైకు సరిచేసుకోండి, మీ మాట దూరంగా ఉంది, వెనక చప్పుళ్లు ఎక్కువగా ఉన్నాయి.

విద్యార్థి ఎవరు, నాకు విద్యార్థి లేడు, శాంపిల్ పాఠం రికార్డు చేసిన రోజు ఈ గదిలో నేనొక్కదాన్నే, ప్రశ్న అడిగి పిల్లవాడు ఆలోచిస్తున్నట్టు అయిదు సెకన్లు ఆగి జవాబు నేనే చెప్పుకున్నాను, పాఠం చెప్పింది గోడమీద క్యాలెండర్‌కి, బందరు ఆఫీసులో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను, ఏమండీ సెలెక్టయ్యాను అంటే, అబ్బ తేజూ, సాయంత్రం బందరు లడ్డూ తెస్తా, కిలో తేనా అరకిలో తేనా అన్నారు, కిలోనే తెండి గాని నా పాఠంలో ఎవరో ఉన్నారటండీ అన్నాను, ఎవరు, అదే తెలియట్లేదు, దయ్యమేమోనోయ్, పాత ఇల్లు కదా, లెక్కలొచ్చిన దయ్యమైతే మనకీ పనికొస్తుంది, మీకన్నీ వేళాకోళాలే, సరే ముందు ఆ రికార్డింగ్ పెట్టుకుని విను, హెడ్‌సెట్ పింకు పిన్ను పూర్తిగా దిగిందో లేదో చూడు, మేనేజరు వస్తున్నాడు అని పెట్టేశారు రాజీవ్.

నిజానికి ఆ రికార్డింగ్ నేను ఒక్కసారి కూడా వినలేదు, నా గొంతు నాకే సిగ్గు, పైగా పంపడానికే రెండు గంటలు పట్టింది, ఇప్పుడు హెడ్‌సెట్ చెవులకి పెట్టుకుని ప్లే నొక్కాను, ముందు జీ అని ఒకటే రొద, ఫ్యాను గరగర, పెరట్లో అద్దకం షెడ్డులో బల్లల మీద గుడ్డలకి చెక్క అచ్చులు గుద్దుతున్న ధబ్ ధబ్, వీటన్నిటి వెనక నూతిలోంచి మాట్లాడుతున్నట్టు నేను, తొంభై అంగుళాల పొడవు, అరవై అంగుళాల వెడల్పు ఉన్న దుప్పటికి చుట్టూ అంచు వేయాలి, అచ్చు ఆరంగుళాల చదరం, ఎన్నిసార్లు అద్దాలి, పెడనలో ఉన్నాను కదా అని ఎంతో ముచ్చటపడి తయారుచేసుకున్న లెక్క, తర్వాత నా అయిదు సెకన్ల మౌనం, ఆ మౌనంలో ఒక గొంతు, నలభై ఆరు అంది, నిదానంగా, అనుమానమే లేనట్టు, ఆ వెంటనే నేను హుషారుగా, చుట్టుకొలత మూడు వందలు, ఆరు పెట్టి భాగిస్తే యాభై అన్నాను, ఆ గొంతు కాస్త దగ్గరికి వచ్చి, మూలలు రెండుసార్లు లెక్కకొచ్చాయి అంది, కాసేపాగి, హెడ్‌సెట్ చెవికి అదుముకుంటే తప్ప వినపడనంత మెల్లగా, పిల్ల పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయింది గాని పాఠం మాత్రం కుదురుగా చెబుతోంది నరసింహం అంది, దానికి మేస్త్రీ నరసింహం, అయితే ఉప్పు మనమే వేసుకుందాంలెండి అమ్మగారూ అన్నాడు, నేను హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను, అది మా అత్తగారు అరుణకుమారి గొంతు, నలభై రోజుల్లో నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, తిన్నావా అమ్మాయ్, తలారబెట్టుకో అమ్మాయ్, అంతే, నేను లాప్‌టాప్ తెరిస్తే చాలు అచ్చుల బుట్ట పట్టుకుని తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటే, కోడలు ఉద్యోగం చేయడం ఇష్టం లేక కాపలా కాస్తున్నారనుకున్నాను, ఒకసారి మా అమ్మకి ఫోన్‌లో ఆ మాటే అన్నాను కూడా.

కాగితం తీసి దుప్పటి గీశాను, పైన పదిహేను గళ్లు, కింద పదిహేను, పక్కలకి పదేసి అనుకున్నాను గాని మూలల్లో ఉన్నవి అప్పటికే పైనా కిందా పడిపోయాయి, పక్కకి ఎనిమిదే మిగిలాయి, ఇటు ఎనిమిది అటు ఎనిమిది, ముప్పైకి పదహారు కలిపితే నలభై ఆరు, మళ్లీ కలిపాను, నలభై ఆరే, కాలేజీ ఫస్టు, నేను తప్పు చెప్పాను, తెలియక చెప్పాను, వందనగారేమో అదొక పద్ధతి అనుకుని ఉద్యోగం ఇస్తున్నారు.

ఇక్కడ ఇంకొకటి తోచింది, మైకు నా పెదవుల ముందే ఉంటే నా మాట దూరంగా, తలుపు అవతల ఆవిడ మాట ఇంచుమించు నా అంత గట్టిగా ఎలా పడ్డాయి, రికార్డింగ్ సెట్టింగులు తెరిచి హెడ్‌సెట్ మైకులోకి ఉఫ్ మని ఊదాను, చప్పుడు ఎంతుందో చూపించే పచ్చగీత కదల్లేదు, లాప్‌టాప్ కీబోర్డు పక్కన గోరుతో తట్టాను, గీత పైదాకా ఎగిరింది, అంటే ఇన్నాళ్లూ హెడ్‌సెట్ మైకు ఉత్త అలంకారం, వింటున్నది లాప్‌టాప్ లోపలి మైకు, దానికి నేనూ ఒకటే ఫ్యానూ ఒకటే అత్తగారూ ఒకటే, పిన్నులు చూశాను, చెవులకి వినిపించే ఆకుపచ్చది బాగానే దిగింది, మైకుకి సంబంధించిన పింకుది మాత్రం బియ్యపుగింజంత మేర బయటే ఉండిపోయింది, నొక్కితే దిగదు, లాగి టార్చిలైటు వేసి చూస్తే ఆ రంధ్రంలో పసుపుపచ్చగా ఎండిపోయినదేదో, ఏమిటా అని గోరుతో గీకితే గోటికి గంధం, గంధం మీద కుంకుమ, నాకు మోపిదేవి గుర్తొచ్చింది, పెళ్లయిన పదహారో రోజున సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్తూ, కొత్త వస్తువు కదా పూజ చేయించాలి అని మా మేనమామ పెట్టిన ఈ లాప్‌టాప్‌ని అత్తగారు తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కారు, కొత్త మోటారు సైకిలుకి పెట్టినట్టే నాలుగు వైపులా గంధం రాసి బొట్లు పెట్టించారు, ఎటుపక్క బొట్టుకి చోటు కుదిరినట్టు గుండ్రంగా కనిపిస్తే అక్కడల్లా పెట్టారు, ఆ గుండ్రాల్లో ఒకటి మైకు రంధ్రం.

లాప్‌టాప్ ఆపేసి, చార్జరు పీకి, అగరుబత్తి పుల్లకి దీపంవత్తి పత్తి చుట్టి, రంధ్రంలో మెల్లగా తిప్పాను, తడి తగలనివ్వలేదు, పొడి పొడిగా గంధం రాలింది, వాసన ఇంకా పోలేదు, ఏడెనిమిది సార్లు పత్తి మార్చాక పింకు పిన్ను టిక్కుమని దిగిపోయింది, ఆ టిక్కు వినగానే ఒళ్లంతా హాయిగా ఉంది, మళ్లీ ఆన్ చేస్తే మైకుల జాబితాలో కొత్తగా ఇంకో పేరు, దాన్నే డిఫాల్టు చేశాను, ఊదితే గీత లేచింది, తట్టితే కదల్లేదు, మైకు కాడని నోటికి తిన్నగా కాకుండా కాస్త పక్కకి వంచితే ఊపిరి బుస్సుమనడం పోయింది, ఎక్కువగా పెట్టి ఉన్న, గొంతు పెంచే బూస్టు తగ్గిస్తే గరగర పోయింది, చార్జరు పెట్టి చూశాను, జీ అని రొద, పీకేశాను, రొద లేదు, ఓహో ఇన్నాళ్లూ ఆ జీ నీదా అన్నాను దానితో, ఫ్యాను కట్టేశాను, చెమట పడితే పడనీ, అదే దుప్పటి లెక్క మళ్లీ చెప్పి రికార్డు చేశాను, వింటే నా గొంతు రేడియోలో వచ్చినట్టు ఉంది, షెడ్డులో అచ్చులు పడుతూనే ఉన్నా దీనిలోకి రాలేదు, రికార్డింగులో ఎన్నిసార్లు అద్దాలి అని అడిగాను, అయిదు సెకన్లు, ఏమీ లేదు, నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, ఇంకా ఏమీ లేదు, తలెత్తి చూస్తే తలుపు సందులో అచ్చుల బుట్ట, పచ్చ గాజులున్న చెయ్యి, ఆవిడ అక్కడే ఉన్నారు, జవాబు చెప్పే ఉంటారు, మైకు బాగుపడింది గనుక ఆ మాట పడలేదు, రేపు వందనగారు అడిగింది ఆ గొంతునే, ఆ గొంతే నేను మాయం చేసింది.

తలుపు తీసేసరికి అత్తగారు బుట్ట ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లిపోతున్నారు, వెనకే వెళ్లాను, రంగు తొట్లు, తడి గుడ్డ వాసన, బల్లకి అటు నరసింహం, అత్తయ్యా నలభై ఆరు మీరేగా అన్నాను, ఆవిడ చేతిలో అచ్చు ఆగిపోయింది, ఏం నలభై ఆరు అమ్మాయ్, దుప్పటికి, ఓ అదా, నీకు వినపడిందా, నాకు కాదండీ హైదరాబాదులో వినపడింది, ఆవిడ మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు, హైదరాబాదు దాకానా, ఓరి నరసింహం, నేను ఇంకా ఏమేం అన్నాన్రా దాంట్లో, ఉప్పు సంగతి అన్నారమ్మగారూ అని వాడు నవ్వు ఆపుకోలేక గుడ్డ వెనక్కి వంగాడు, అయ్యో రాత అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, కొత్తపిల్లవి, మొహాన తప్పన్నానంటే ఏమనుకుంటావోనని తలుపు వెనక అన్నాను తల్లీ, గుడ్డ ముందు నిలబడ్డాక లెక్క తప్పితే ఆ మూల అచ్చు మీద అచ్చు పడి గుడ్డే పోతుంది, అందుకని నోటికొచ్చేస్తుంది, నీ ఉద్యోగం గాని పోయిందా ఏంటి, ఆ అడగడంలో ఎంత భయం ఉందో, ఆవిడ భయపడుతున్నది నా ఉద్యోగం రావడానికి కాదు పోవడానికి, పోలేదత్తయ్యా వచ్చింది, మీ జవాబుకి వచ్చింది, నేను తెలియక చేసిన తప్పుని వాళ్లు గొప్ప పద్ధతి అనుకున్నారు అన్నాను, మరి చెప్పకపోతే తప్పు కదా అన్నారావిడ వెంటనే, చెబితే తీసేస్తారేమో, తీసేస్తే తీసేస్తారు, చెప్పకుండా ఎన్నాళ్లు దాచుకుంటూ కూర్చుంటావు, గుడ్డ మీద పడ్డ మరక కప్పెడితే కనపడకుండా పోతుందా ఏమన్నా.

నేను ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను, నలభై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర లెక్కలు కడుతున్న మనిషి పక్కన, రేపు ఆవిడని విద్యార్థిగా కూర్చోబెట్టి చెప్పడానికి రాత్రికి ఏదో పాఠం తయారు చేసుకుందామనుకున్నాను గాని ఆ ఆలోచనే తప్పు, మూల దగ్గర ఏం చేయాలో తెలిసింది ఆవిడకి, తెలియాల్సింది నాకు, అంత తేలిగ్గా ఉంది సంగతి, నేనే మైకు సెట్టింగుల్లోనూ ఆవిడ మొహంలోనూ ఎక్కడెక్కడో వెతికాను, అప్పుడే అక్కడే అన్నాను, రేపు తొమ్మిదిన్నరకే వందనగారికి ఫోన్ చేసి ఆ యాభై నిజంగా నా తప్పేనని చెప్పేస్తాను, అప్పటికీ పాఠం చెప్పమంటే పది గంటలకి హెడ్‌సెట్ మీరు పెట్టుకుంటారు, దుప్పటి లెక్క మీరు చెబుతారు, నేను మీ పక్కన కూర్చుని మూలల గురించి అడుగుతాను, ఆవిడ చేతిలో అచ్చు బుట్టలో పెట్టి, ఆ చెవులది జుట్టు మీద పెట్టాలా కొప్పు కింద పెట్టాలా అన్నారు, జుట్టు మీదే అన్నాను, ఒరేయ్ నరసింహం, రేపు పది నుంచి పదిన్నర దాకా షెడ్డులో ఎవ్వరూ అచ్చు ఎత్తకూడదని అందరికీ చెప్పు అన్నారు మా అత్తగారు.