సగం పోసిన స్లాబు

జగన్‌మోహన్ మనిషి మా బస్తీ బావిలో కిరోసిన్ గుమ్మరించడం నేను చూశాను. తెల్లవారుతోంది, కొట్టు తలుపు తీస్తున్నాను. వాడు నన్ను చూసి కూడా తొందరపడలేదు. వ్యాపారి నోరు విప్పడని ధీమా.

అది ఎనభై రెండు ఎండాకాలం. కరువుకు ఝరాసంగం పల్లెలు వదిలిన కూలీలు జహీరాబాద్ శివారులో, బొంబాయి రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్నారు. బావి వాళ్లు తవ్వుకున్నదే. నీళ్లు పాడైతే వాళ్లు లేచిపోతారు, నేలను ప్లాట్లు చేసి అమ్ముకోవచ్చు. ఇది కంట్రాక్టరు జగన్‌మోహన్ లెక్క. బస్తీ పోతే నా కిరాణా కొట్టూ పోతుంది. ఇది నా లెక్క. బావి దగ్గర చేరిన జనానికి చూసింది చూసినట్టు చెప్పాను.

"ఆ జగన్‌మోహన్ కాళ్లు ఇరగ్గొడదాం," అన్నాడు మేస్త్రీ సాయన్న.

"దవాఖానకు పోయి అతికించుకుంటడు," అంది తట్టలు మోసే ఆడవాళ్ల పెద్ద బస్వమ్మ. "అతుకనిది ఏముంది, అది చెప్పు."

సాయన్న ఆలోచించాడు. "రేపు వాని కొత్తింటికి స్లాబు, పోసేది మనమే. నడుమ ఆగితే ఎండిన సిమెంటుకు పచ్చి సిమెంటు అతుకది. ఇల్లున్నన్ని దినాలు కురుస్తది."

"గట్లైతే పనికే పోవద్దు," అన్నాడు కూలీ నర్సప్ప.

"పోకుంటే సిమెంటు బస్తాలల్లనే ఉంటది, వానికేం నష్టం?" అన్నాను. "పోవాలె. సగం పొయ్యాలె."

బస్వమ్మ నవ్వింది. "సావుకారి బుద్ధి."

మర్నాడు సగం కప్పు నిండగానే బస్వమ్మ తట్ట దించింది. ఆమె వెనక అందరూ దించారు. కింద కలిపిన సిమెంటు మాలు కుప్పలుగా ఉండిపోయింది.

"ఎందుకాపిన్రే?" జగన్‌మోహన్ అరిచాడు.

"దూపైతుంది సాబ్. మా బాయి నీళ్లు తెప్పియ్యి. నువ్వు తాగినంక మేం తాగుతం," అంది బస్వమ్మ.

అతను లారీ పంపి చిరాగ్‌పల్లి నుంచి వేరే కూలీలను దింపాడు. బస్వమ్మ వాళ్లకు చెంబెడు బావి నీళ్లు అందించి, కిరోసిన్ ఎవరు పోయించారో చెప్పింది. వాళ్లలో ముసలాయన వాసన చూసి, చెంబు పక్కవాడికిచ్చాడు.

"మా బాయి గూడ రోడ్డు పక్కనే ఉంది," అని మా వాళ్ల పక్కనే కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

ఎండ ముదిరాక జగన్‌మోహన్ దిగివచ్చాడు. "బాయి తోడిపిస్త. పని పట్టున్రి."

సాయన్న పైకెక్కి తాపీతో అంచు తట్టాడు. "గట్టిపడ్డది సాబ్. ఆలస్యం చేసినవు."

అతని ఫిర్యాదు మీద పోలీసు జీపు వచ్చింది. దొమ్మీ కేసని సాయన్నను ఎక్కించుకుపోయింది. బస్తీ భయపడి చెదురుతుందని జగన్‌మోహన్ అనుకున్నాడు. ఆ లెక్కా తప్పింది.

ఆ సాయంత్రమే బావి తోడడం మొదలుపెట్టాం. తోడిన ప్రతి బిందెనూ మోసుకెళ్లి అతని కొత్తింటి గడపలో పోశాం. నేను కొట్టు మూసి వరసలో నిలబడ్డాను. అక్కడ కాపలా పెట్టిన పోలీసులు చూస్తూ నిలబడ్డారు. నీళ్లు పోయకూడదని ఏ చట్టముందో వాళ్లకూ తోచలేదు.

తెల్లారేసరికి ఊట నీళ్లకు వాసన పోయింది. బస్వమ్మ తేట నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని మళ్లీ అదే గడపకు నడిచింది.

జగన్‌మోహన్ అడ్డం నిలబడ్డాడు. "నీళ్లు బాగైనయి గద. ఇంకేం కావాలె?"

"మా సాయన్న ఇంటికి రాలే," అని బిందె వంచింది. వెనక వరస రోడ్డుదాకా ఉంది.