పదకొండో మలుపు కెమెరా

ఇర్మె ఫోన్ చేసేసరికి నేను నా కెమెరాల మీద వచ్చిన పొగడ్తలు చదువుకుంటున్నాను. ఆదివారం పోటీ జరిగింది, ఇది సోమవారం పొద్దున్న. "రాజ్యశ్రీ గారూ, పదకొండో మలుపు షాట్ అదిరింది" అని ఎవరో రాస్తే దాన్ని మూడోసారి చదువుతున్నాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండేళ్లు కష్టపడ్డాను, మూడుసార్లు చదువుకునే హక్కు నాకుంది.

"అక్కా, నేను తగల్లే," అంది ఇర్మె. బాగున్నావా లేదు, తిన్నావా లేదు, ఎత్తుకోవడమే ఆ మాటతో.

మా దండకారణ్య లీగ్ అంటే కంప్యూటర్‌కి స్టీరింగ్ బిగించుకుని కార్ల పందేలు ఆడే నలభై మంది. వాళ్లు తోలే రోడ్లలో ఒకటి నేను తయారుచేసింది. మా కిరందుల్ కాలనీ నుంచి గని మీదికెక్కే ఘాట్ రోడ్డుని ఇరవై ఒక్క మలుపులతో సహా గేమ్‌లోకి దింపాను. రోడ్డు పక్కన ముప్ఫై నాలుగు కెమెరాలు కూడా నేనే పెట్టాను. జనం ఫోన్లలో పందెం చూసేది ఆ కెమెరాల్లోంచే. ఏ కెమెరా ఎక్కడ నిలబడాలి, కారు ఎంత దూరం వచ్చాక అందుకోవాలి, ఎక్కడ పక్క కెమెరాకి అప్పగించాలి, ఎంత దగ్గరికి లాగి చూపించాలి, అదంతా ఒక ఫైల్లో వరసగా అంకెలు. ఆ అంకెలు దిద్దడంలో నన్ను మించినవాళ్లు లీగ్‌లో లేరని నా నమ్మకం.

ఆదివారం కొండ దిగేటప్పుడు పదకొండో మలుపులో ఇర్మె కారూ, బచేలి ఊరి కళ్యాణ్ కారూ పక్కపక్కనే తిరిగాయి. ఇర్మె కొండవైపు, కళ్యాణ్ లోయవైపు. ఉన్నట్టుండి కళ్యాణ్ కారు ఎగిరి, పిట్టగోడ దాటి లోయలో పడింది. నా కెమెరాలో చూస్తే ఇర్మె కారు వెళ్లి అతని తలుపుకి రాసుకున్నట్టు స్పష్టంగా ఉంది. జడ్జీలు అదే చూశారు. రెండో స్థానంలో వచ్చిన ఇర్మెని పోటీలోంచి తీసేశారు. దాంతో రాయ్‌పూర్‌లో జరిగే ఫైనల్ కూడా పోయినట్టే. అభ్యంతరం ఉంటే బుధవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పుకోవాలి.

"కెమెరాలో కనిపిస్తోంది కదే," అన్నాను.

"నీ కెమెరా సూసింది. నేను తోలిన. తగిల్తే చేతికి తెలుస్తది అక్కా. స్టీరింగ్‌ల దెబ్బ రాలే."

వాదించకు, ఒప్పేసుకుంటే వచ్చే సీజన్‌కైనా మర్యాద మిగులుతుంది అని సలహా ఇచ్చి ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. నా మంచి షాట్‌ని ఈ పిల్ల గొడవలోకి లాగుతోందనిపించింది.

ఇర్మె ఊరు కిష్టారం. అన్న పికప్ బండిలో చింతపండు వేసుకుని దోర్నపాల్ బజారుకి తోలి తోలి చెయ్యి తిరిగింది. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక గేమింగ్ షాపు కౌంటర్‌లో పనిచేస్తోంది. సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆడుకోనిస్తారు, లీగ్‌లోకి అలాగే వచ్చింది. మధ్యాహ్నం ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. మచ్చ పోయేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని షాపు యజమాని చెప్పాడట. వచ్చినవాళ్లంతా "టక్కర్ మార్‌నేవాలీ", గుద్దే పిల్ల, అంటున్నారట. ఏడవడం లేదు. హిందీలో మొదలుపెట్టి, అక్కడి హల్బీ భాషలో ఎవరినో కసిరి, నా కోసం తెలుగులోకి వచ్చి, చివర మళ్లీ అదే మాట: స్టీరింగ్‌ల దెబ్బ రాలే.

ఆ మాట నన్ను వదల్లేదు. కారుకి కారు తగిలితే స్టీరింగ్ చేతుల్లో అదిరి తీరుతుంది, అలా అదిరేట్టే చేస్తారు దాన్ని. అబద్ధమాడదలుచుకున్న మనిషి "అతనే నా మీదికొచ్చాడు" అంటుంది గానీ ఇంత చిన్న సంగతి పట్టుకుని వేలాడదు.

మంగళవారం పొద్దున్నే పందెం రికార్డు తెరిచాను. అది వీడియో కాదు. ప్రతి క్షణం ఏ కారు ఎక్కడుందో రాసిపెట్టుకున్న లెక్క. అందుకని జరిగిపోయిన పందేన్ని కూడా కొత్త చోట కెమెరా పెట్టి మళ్లీ చూడొచ్చు. అయితే ఎవరికి వాళ్లు తమకి అనుకూలమైన మూల నుంచి చూపించి తగువులాడుతున్నారని లీగ్ ఒక నిబంధన పెట్టింది. తీర్పుకి పనికొచ్చేది ట్రాక్ కెమెరాలే, వాటిని మార్చే హక్కు ట్రాక్ చేసినవాళ్లకే, అదీ కారణం రాసిచ్చి. అంటే ఇర్మె పోయి ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. మార్చగలిగింది నేనొక్కదాన్నే.

మా నాన్న పేరు సింహాచలం, గనిలో ఖనిజం మోసే డంపర్‌కి ఆపరేటర్. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. ఆ వారం మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు కాబట్టి తీరిగ్గా టీ గ్లాసుతో నా వెనక నిలబడ్డాడు. కెమెరాలన్నీ చుక్కల్లా కనిపించే మ్యాప్ నా ముందుంది.

"ఏటమ్మా, అన్నీ కొండవైపే నిలబెట్టీసినావు?" అన్నాడు.

చూశాను. ముప్ఫై నాలుగూ కొండవైపే ఉన్నాయి. లోయవైపు ఒక్కటి, పేరుకి ఒక్కటి కూడా లేదు.

ఈ తప్పు మా కాలనీ వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఖనిజంతో నిండిన బళ్లు దిగే రోడ్డు మాది. బ్రేకు జారితే బండి లోయవైపే పోతుంది. అందుకని నడక నేర్చినప్పటి నుంచీ మాకు ఒకటే పాఠం: బస్సు కోసం ఆగినా, చెప్పు తెగి వంగినా, కొండరాయికి వీపు ఆనించి నిలబడాలి. స్కూల్లో కూడా అలాగే వరస కట్టించేవాళ్లు. ఇరవై నాలుగేళ్లలో నేను ఆ రోడ్డుకి లోయవైపు ఒక్కసారీ నిలబడలేదు. ఎవరూ చావని ఈ కంప్యూటర్ రోడ్డు మీద, ప్రాణం లేని కెమెరాని కూడా నిలబెట్టలేదు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నవ్వడం అయ్యాక మాత్రం అసలు మాట చెప్పాడు. "రెండు డంపర్లు ఎదురుపడినప్పుడు ఒక పక్క నుంచి సూస్తే రాసుకున్నట్టే ఉంటాది. మా దగ్గర గొడవైతే ఒక్క పక్కోడి మాట రాసుకోరు. అవతలోడిని కూడా అడుగుతారు."

అవతలోడు నా రోడ్డు మీద లేడు. పైగా నా కెమెరా చాలా దూరంగా ఉండి, దృశ్యాన్ని బాగా దగ్గరికి లాగి చూపిస్తోంది. చూపు కోణం తొమ్మిది డిగ్రీలే. అంత దగ్గరికి లాగితే ఒకదాని వెనక ఒకటున్నవి అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇది నాకు తెలియనిదా? తెలుసు. అలా కనిపిస్తే అందంగా ఉంటుందనే పెట్టాను.

సరే, అవతలోడిని నిలబెడదామని కూర్చున్నాను. పిట్టగోడ దాటి నాలుగు మీటర్లు, గాల్లో. అంకె కొట్టబోతే చెయ్యి ఆగింది. నన్ను నేనే తిట్టుకుని కొట్టాను. మొదటిసారి తెర నిండా సాల చెట్టు కొమ్మ. రెండోసారి కార్లు చీమలంత. మూడోసారి అన్నీ కుదిరాయి గానీ సరిగ్గా కళ్యాణ్ కారు ఎగిరే క్షణానికి పన్నెండో మలుపు కెమెరాకి మారిపోయింది. అప్పగించే చోటు పద్దెనిమిది మీటర్లు ముందుకి జరిపాను. అది జరిపితే పన్నెండోది తడబడింది, దాన్ని దిద్దితే పదోది. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి కంచం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లింది. చూపు కోణం ముప్ఫైకి పెంచి మళ్లీ నడిపించాను.

రెండు కార్ల మధ్య ఒక సైకిలు పట్టేంత ఖాళీ ఉంది.

ఇర్మె తగల్లేదు. నాకు సంతోషంతో కళ్లనీళ్లొచ్చాయి. మరి కళ్యాణ్ కారు ఎందుకు ఎగిరినట్టు? ఒక్కో క్షణం ఆపుకుంటూ చూశాను. లోయవైపు వెనక చక్రం ఒక తెల్లరాయి ఎక్కింది. సున్నం కొట్టిన హద్దురాయి అది. అసలు రోడ్డులో పిట్టగోడకి ఆనుకుని, మట్టిలో ఉంటుంది. నా రోడ్డులో జానెడు లోపలికి, తారు మీదికి వచ్చి ఉంది.

జరిపింది నేనే. ఫిబ్రవరిలో. కొండవైపు కెమెరాలో ఆ రాయి పడటం లేదని, ఎండలో తెల్లగా మెరుస్తుంటే పక్క నుంచి కారు దూసుకెళ్తే బాగుంటుందని, జానెడు లాగాను. రెండు కార్లు పక్కపక్కన తిరిగితే తప్ప అంత అంచుకి ఎవరూ రారు, అందుకే ఇన్నాళ్లూ ఎవరూ తొక్కలేదు. ఆదివారం తొక్కినప్పుడు కొండవైపు నుంచి చూసేవాళ్లకి ఇర్మె కారు అడ్డొచ్చింది. ట్రాక్‌లో ఇలాంటి లోపం ఉంటే లీగ్ ఆ ట్రాక్‌ని తీసేస్తుంది.

చూపు కోణం ముప్ఫై నుంచి ఇరవై రెండుకి దించాను. రాయి తెర బయటికి పోయింది. కార్ల మధ్య ఖాళీ అలాగే ఉంది. ఎంత చక్కగా ఉందో. పావుగంట సేపు ఆ ఇరవై రెండుని చూస్తూ కూర్చున్నాను. ఇర్మె బయటపడుతుంది, నా రోడ్డూ నిలుస్తుంది అనుకున్నాను. కానీ అందులో కళ్యాణ్ కారు ఏ కారణమూ లేకుండా ఎగురుతోంది. ఎందుకెగిరిందని అడుగుతారు. నెట్ ఆలస్యం వల్ల కంటికి కనపడని దెబ్బ ఏదో తగిలుంటుందంటారు. మళ్లీ ఇర్మె మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి నాకు మొదటి నిమిషంలోనే తెలుసు. మిగతా పద్నాలుగు నిమిషాలూ తెలియనట్టు నటించాను.

ఇర్మె వాయిస్ మెసేజ్ మళ్లీ విన్నాను. కోణం ముప్ఫై నాలుగు చేశాను. ఇప్పుడు రాయి మొత్తం తెరలో ఉంది, ఎవరూ చూడలేదనడానికి వీల్లేకుండా.

ఆ రోజంతా, బుధవారం పొద్దున్న కూడా పనిచేశాను. ఒక్క మలుపు దిద్ది వదిలెయ్యడానికి మనసొప్పలేదు. పక్కపక్కన తిరిగే అవకాశమున్న తొమ్మిది మలుపుల్లోనూ లోయవైపు కెమెరాలు నిలబెట్టాను. ఒక్కోదాన్నీ అటు నుంచి ఇటు నుంచి నడిపి చూశాను. మధ్యాహ్నం ఫైల్ పంపి, కారణం ఉన్నచోట ఇలా రాశాను: పదకొండో మలుపులో తెల్లరాయిని రోడ్డు మీదికి జరిపింది నేను. కళ్యాణ్ కారు దాన్నే ఎక్కింది. ఇర్మె కారు తగల్లేదు.

మూడున్నరకి ప్రకాష్ గారు ఫోన్ చేశారు. లీగ్ జడ్జీల్లో పెద్దాయన, జగదల్‌పూర్‌లో లెక్కల మాస్టారు. మర్యాదస్తుడు. ఫైల్ చూశామన్నారు, కెమెరా బాగా పెట్టావన్నారు. తర్వాత గొంతు తగ్గించి, కారణంలో రాయి సంగతి ఉంటే ట్రాక్ తీసెయ్యక తప్పదన్నారు. ఆ ఒక్క వాక్యం తీసేసి, చూపు కాస్త దగ్గరికి లాగి మళ్లీ పంపితే, పందెంలో జరిగే మామూలు ప్రమాదం కింద రాసి ఇర్మెని హెచ్చరికతో వదిలేస్తామన్నారు. ఫైనల్‌కి వెళ్లొచ్చు, నీ రెండేళ్ల పనీ పోదు, ఆలోచించుకో అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు, అందులో అనుమానం లేదు.

"హెచ్చరిక ఎందుకండీ?" అన్నాను.

"ఊరికే, కాగితం మీద."

"తగలని మనిషికి కాగితం మీద మాత్రం ఎందుకు? నేను రాసింది అలాగే ఉంచండి."

ఆయన సరేనన్నారు.

ఐదున్నరకి తీర్పు వచ్చింది. ఇర్మె మీద ఏ తప్పూ లేదు, రెండో స్థానం తిరిగి ఆమెదే. కిరందుల్ ఘాట్ ట్రాక్‌ని ఈ సీజన్ నుంచి తీసేశారు, ట్రాకులు చేసేవాళ్ల జాబితాలోంచి నా పేరు కూడా. చదివి బాధపడ్డాను. పడలేదంటే అబద్ధం. నాన్న షిఫ్టులో ఉన్నాడు కాబట్టి అమ్మకి చెప్పాను, అమ్మ కాసేపు నా పక్కన కూర్చుంది.

ఇర్మెకి నేనే ఫోన్ చేశాను. అప్పటికే ఆమెకి తెలుసు. వెనక షాపులో స్టీరింగుల చప్పుడు వినిపిస్తోంది. నాన్న మాట దగ్గర్నుంచి ప్రకాష్ గారి మాట దాకా అంతా చెప్పాను, ఆ పావుగంట ఒక్కటి తప్ప. థాంక్స్ అంటుందనే ఎదురుచూశాను. ఇంత చేశాక ఎవరైనా ఎదురుచూస్తారు.

"రాయి దొరికింది గాబట్టి నమ్మినవ్ అక్కా," అంది. "దొరక్కపోతే?"

నీ మాటే నమ్మేదాన్ని అని నోటి చివరిదాకా వచ్చింది. సోమవారం నేనిచ్చిన సలహా ఆమెకీ గుర్తే, నాకూ గుర్తే.

"నమ్మేదాన్ని కాదు," అన్నాను.

షాపులోకి గిరాకీ వచ్చిందని చెప్పి ఇర్మె ఫోన్ పెట్టేసింది.