బతికున్నోడి వేలు

ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చుని ఫౌజు ఆఫీసర్ల నడుమ గీత గీసినోళ్లారా, ఈ పాపం మీదే! తుపాకీ చేతికిచ్చిన నాడు లేని తేడా అన్నం పెట్టే నాడు ఎక్కడిది?

కురవి దగ్గరి తండాలో ఉండే తుల్సీబాయికి ఈ గీత సంగతి తెలియదు. కొడుకు రాజేందర్ ఫౌజులో పద్నాలుగేళ్లు చేసి మేజర్‌గా ఇల్లు చేరాడు. మంచుకొండల మీద ఊపిరితిత్తులు చెడిపోయి, ఇప్పుడు బోరింగు దాకా నడిస్తే ఆయాసం.

కార్తీకంలో రేగొండ నుంచి భూపాల్ చూడ్డానికి వచ్చాడు. ఇద్దరూ ఫౌజులో ఒకే గుడారంలో పడుకున్నోళ్లు. భూపాల్ పూర్తికాలం చేసి కర్నల్‌గా రిటైరయ్యాడు.

"రేపు మానుకోటల పింఛన్ క్యాంపు ఉంది అవ్వా. ఏడాదికోపాలి వేలు పెట్టి బతికున్నమని చూపియ్యాలె. లేకుంటే పింఛన్ బంద్" అన్నాడు.

తుల్సీబాయి మనసులో ఏళ్లు లెక్కేసుకుంది. తన కొడుకు ఒక్క ఏడాదీ పోలేదు. అందుకే సర్కారు వాణ్ణి చచ్చినోళ్లలో కలిపేసి పింఛన్ ఇస్తలేదనుకుంది.

తెల్లారి, క్యాంపంటే వాడు రాడని, "దవాఖానకు పోదాం పా" అని అబద్ధమాడి కొడుకును ఆటో ఎక్కించింది.

క్యాంపులో భూపాల్ వేలు పెట్టాడు. మిషన్ మీద పచ్చ లైటు వెలిగింది. వెంటనే తుల్సీబాయి కొడుకు చెయ్యి పట్టి ముందుకు గుంజింది.

"వీడు గూడ బతికే ఉన్నడు సారూ. పెట్టించుకో."

వెనక ఎవరో నవ్వారు. "పెండ్లిచూపులకు తోల్కొచ్చినట్టు తోల్కొచ్చినవ్ గదనే అవ్వా!"

ఉద్యోగి వివరాలడిగి తల అడ్డంగా ఊపాడు. "ఈయన షార్ట్ సర్వీసు అవ్వా, కొన్నేండ్లకే తీసుకున్నోళ్లు. పింఛన్ లేదు. బతికున్నా లేకున్నా మాకు పని లేదు."

రాజేందర్ తల వంచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "పోదాం పా యాడీ. ఇరవయ్యేండ్లు నిండకుంటే రాదని ముందుగాల్నే చెప్పిన్రు. నేనే సంతకం పెట్టిన. ఇంకా ఉంటనన్న, ఉంచుకోలే." అంతలోనే దగ్గు తెర కమ్మి గోడకు ఒరిగిపోయాడు.

భూపాల్ ముందుకొచ్చి రాజేందర్ చేతులు పట్టుకున్నాడు. మంచు కూలిన నాడు తనను తవ్వి తీసింది ఆ చేతులే.

తుల్సీబాయి బల్ల ముందు నేల మీద చతికిలబడింది.

"నువ్వు కొన్నేండ్లోనివా, మొత్తం ఉండేటోనివా అని మంచు అడిగిందా బిడ్డా? కొన్నేండ్లోడని సగం ఊపిరి ఇడిశిపెట్టిందా?" ఏడుస్తూనే ఉద్యోగి వైపు తిరిగింది. "పైనోళ్లకు చెప్పు సారూ. ఎన్నేండ్లు జేస్తే అన్నేండ్ల లెక్కన పింఛన్ ఇయ్యమను. నా కొడుక్కు పద్నాలుగేండ్లది ఇయ్యిన్రి. వాడు సచ్చినంక కాదు, గిప్పుడే ఇయ్యిన్రి!"