గాజు కొలత

తాజ్‌బీకి పొద్దున ఫజర్ నమాజు తర్వాత మొదటి పని గాజుతో. దుకాణం గదిలో మేకుకు వేలాడే ఆకుపచ్చ మట్టిగాజును తీసి, కుడిచేతి వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి, ఎడమచేత్తో ఎక్కించి చూసేది. అది రెండు ఆరు కొలత గాజు, అంటే రెండంగుళాల మీద ఆరు పదహారో వంతులు. పెళ్లయిన నాటి నుంచి ఆమె చేతికి సరిపోయిన కొలత. నాలుగేళ్లుగా అది వేళ్ల మొదళ్ల దగ్గరే ఆగిపోతోంది.

నాగర్‌కర్నూల్ బజారులో గాజుల తాజ్‌బీ అంటే తెలియని ఆడవాళ్లు లేరు. ఇంటి ముందు గదే దుకాణం. భర్త బషీర్ గాజుల మలారం సైకిలుకు కట్టుకుని తిమ్మాజిపేట అంగడికీ, చుట్టుపక్కల జాతరలకూ పోతాడు. దుకాణం ఆమెది. వచ్చినవాళ్లను ఆమె ఎన్నడూ కొలత అడగలేదు. చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కితే ఎముక ఎంతో, కండ ఎంతో వేళ్లకే తెలిసేది. "చెయ్యి నాకు ఇడిసెయ్ బిడ్డా, నీది కాదనుకో" అనేది. మాట పూర్తయ్యేలోగా గాజు మణికట్టు మీద ఉండేది.

ఆ వేళ్లు వాచాయి. పొద్దున లేస్తే గంటసేపు పిడికిలి మూసుకునేది కాదు, మూసుకుంటే తెరుచుకునేది కాదు. పాలమూరు దవాఖానలో డాక్టరమ్మ రక్తం పరీక్షలు చేయించి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. బజారు కీళ్లవాతం అంది. మాత్రలతో నొప్పి కొంత దిగింది గాని, ఇంకొకరి చెయ్యి నొక్కే బలం తిరిగి రాలేదు. బషీర్ ఊళ్లో ఉన్న రోజుల్లో అతనే తొడిగేవాడు. లేని రోజుల్లో తాజ్‌బీ డబ్బా ముందుకు జరిపి, "నువ్వే ఎక్కించుకో బిడ్డా" అని చెప్పి, ముఖం తిప్పుకునేది.

గాజులకు వచ్చిన ప్రతి మనిషీ ఆమెను ఒక కూర మానమని చెప్పిపోయేది. ఒకామె వంకాయ అంది, ఒకామె చింతపండు అంది, ఇంకొకామె ఆలుగడ్డ, పెరుగు, శనగపప్పు మూడూ కలిపి చెప్పింది. పక్కింటి హన్మమ్మ ఇవన్నీ విని నవ్వింది.

"అందరు చెప్పినయి ఇడిస్తే ఇగ మన్నే మిగుల్తది నీకు. అది గూడ వాతమంటరేమో అడుగు."

తాజ్‌బీ ఎవరి మాటా తీసిపారేయలేదు, నమ్మనూ లేదు. వారం రోజులు వంకాయ మాని గాజుతో చూసుకుంది. మరో వారం తిని చూసుకుంది. గాజు ఆగిన చోటే ఆగింది. చింతపండుతోనూ అంతే. పెరుగుతోనూ అంతే.

ఆ ఏడు, 2007లో, రంజాన్ సెప్టెంబరు నడుమ మొదలైంది. రోజాలు ఉండవద్దని బషీర్ అన్నాడు గాని ఆమె వినలేదు. వారానికోసారి వేసుకునే మాత్ర ఇఫ్తార్ తర్వాత వేసుకుంది. పదో రోజా నాటి పొద్దున, అలవాటుగా గాజు ఎక్కించబోతే, అది వేళ్ల మొదళ్లు దాటి మణికట్టు మీదికి జారింది. తాజ్‌బీ గాజు తీసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ దాటింది.

రంజాన్ ఆఖరి వారంలో హన్మమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"మా సుమనకు వచ్చే నెల ఏడో నెల పడ్తది. దీపావళి పోయినంక బేస్తారం సీమంతం పెట్టుకున్నం. కల్వకుర్తి నుంచి తోల్కొస్తున్నం. నువ్వే తొడగాలె గాజులు. పెండ్లిల బషీరన్న తొడిగితే మా పిల్ల సిగ్గుకు చెయ్యంత ముడుసుకపాయె, రెండు గాజులు పలిగె."

"తొడుగుత" అంది తాజ్‌బీ. "నా చేత్తోనే తొడుగుత."

హన్మమ్మ ఆమె వేళ్ల వైపు చూసి వెళ్లిపోయింది.

హన్మమ్మ కూతురు సుమన, తాజ్‌బీ కూతురు నస్రీన్ పదిహేను రోజుల తేడాతో పుట్టారు. ఒకే బడికి పోయారు. ఇద్దరివీ ఒకే కొలత చేతులు. గాజులు వేయించుకునేటప్పుడు చేతులు వెనక దాచుకుని, తాజ్‌బీని కళ్లు మూసుకోమని, ఒక చెయ్యి ముందుకు చాపి ఎవరిదో చెప్పమనేవారు. ఆమె ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఎనిమిదో ఏట నస్రీన్‌కు మెదడువాపు జ్వరం వచ్చింది. నాలుగు రోజులే బతికింది.

ఆ తర్వాత కూడా సుమన ఏటా దసరాకు గాజులకు వచ్చేది. తొడిగి పంపిన సాయంత్రం తాజ్‌బీ భర్తతో, "ఈ ఏడు ఒకటి పద్నాలుగు" అనేది. బషీర్ చేతిలో పని ఆపి, "పెరిగింది" అనేవాడు. మరుసటి ఏడు రెండు. ఆ తర్వాత రెండు రెండు. ఎవరి చెయ్యి అని అతను అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు. సుమన పెళ్లినాటికి తాజ్‌బీ వేళ్లు పనికి రాకుండా పోయాయి. ఆ సాయంత్రం బషీరే ఇంటికి వచ్చి, "రెండు నాలుగు" అన్నాడు. పెరిగిందని ఆమె అనలేకపోయింది. తను పట్టి చూడలేదు.

రంజాన్ పండుగ నాడు షీర్‌ఖుర్మా, బగార అన్నం, మాంసం. మూడో నాటికి గాజు మళ్లీ వేళ్ల మొదళ్ల దగ్గర ఆగింది.

పండుగ తర్వాత ఆరు రోజాలు ఉండడం చాలామందికి ఉన్న ఆచారమే. తాజ్‌బీ ఆ ఆరూ ఉంది. ఆరో నాడు గాజు కష్టంగా దాటింది. నెల పరీక్షలకు పాలమూరు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగింది.

"ఉపాసముంటె వాపు దిగుతుందమ్మా. నిజమేనా, నాకే గట్ల అనిపిస్తుందా?"

"కొందరికి తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. "కానీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే మళ్లీ వస్తుంది. అది మందు కాదు తాజ్‌బీ. నీ బరువు నాలుగు కిలోలు పడిపోయింది, రక్తం తక్కువుంది. అందరూ మానాల్సిన కూరల పట్టీ అంటూ ఏదీ లేదు. తీపి, నూనె తగ్గించు. ఆకుకూర, పప్పు, పల్లీలు, దొరికితే చేపలు తిను. మాత్ర మానొద్దు. కడుపు మాడ్చుకోవద్దు."

తిరుగు బస్సులో తాజ్‌బీకి ఆ మాటలన్నిట్లో 'తగ్గుతుంది' అన్నదొక్కటే గుర్తుంది. సీమంతానికి ఇంకా మూడు వారాలు. మూడు వారాలే కదా అనుకుంది.

తెల్లవారకముందు నాలుగు ముద్దలు, పొద్దుగూకాక ఒక రొట్టె. మధ్యాహ్నం బషీర్‌కు వడ్డించి, "నువ్వు తిను, నేను నమాజు చేసుకొని తింట" అనేది. తన వంతు అన్నం కుడితి బకెట్‌లో కలిపేది. హన్మమ్మ బర్రెలకు ఆ వీధిలో అందరూ కుడితి పోస్తారు. దీపావళి మరునాడు బషీర్ కురుమూర్తి జాతరకు బయలుదేరాడు. జాతర అయ్యేదాకా రాడు.

మలారం కడుతూ, "చిక్కినవ్" అన్నాడు.

"రంజాన్‌ల చిక్కిన. తింటె మళ్ల జాడకొస్త."

అతను తాడు ముడి బిగించి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం పొయ్యి కూడా వెలిగించలేదు.

బేస్తవారం పొద్దున గాజు సులువుగా దాటింది. తాజ్‌బీ గంపలో ఆకుపచ్చ గాజులు సర్దుకుంది. పైన రెండు నాలుగు, అడుగున ఎందుకైనా మంచిదని రెండు ఆరు. హన్మమ్మ ఇంట్లో సుమన పీట మీద కూర్చుని ఉంది. చెంపలకు గంధం, ఒళ్లో పసుపు కొమ్ములు. తాజ్‌బీని చూసి, "వచ్చినవా చిన్నమ్మా" అంది. తాజ్‌బీ గడప దాటి గంప దించబోయింది. కళ్లకు చీకట్లు కమ్మాయి. దర్వాజా పట్టుకుని నిలబడిపోయింది.

హన్మమ్మ ఆమె భుజం పట్టి వంటింట్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"ఎన్ని దినాలైంది నువ్వు సక్కగ తినక?"

"పొద్దున తిన్న."

"నాకు చెప్పకు. ఇన్ని దినాల సంది నీ కుడితిల అన్నమే అన్నం. మా బర్రె నీ పుణ్యాన బలిసి కూసుంది. బషీరన్న జాతరకు పోయిన సంది ఒట్టి నీళ్లు. మొగనితోని లొల్లేమో, అడిగితే బాగుండదని ఊకున్న. ఏందిది?"

"చేతుల కోసం" అంది తాజ్‌బీ. "తినకుంటె వాపు దిగుతుంది. ఈ ఒక్క దినం ఆగు హన్మమ్మా. తొడిగినంక తింట. ఇప్పుడు తింటె మూసుకపోతయి."

"ముద్ద తింటె చేతులెట్ల మూసుకపోతయే పిచ్చిదానా?"

తినగానే మూసుకుపోవని తాజ్‌బీకి తెలుసు. పండుగప్పుడు మూడు రోజులు పట్టింది. అయినా నెల రోజులుగా ప్రతి ముద్దనూ ఆ చేతుల వాపుతో లెక్క చూసుకుంది. ఇప్పుడు ఆ గదిలోకి, ఆ చెయ్యి దగ్గరికి, తిన్న నోటితో పోవాలంటే భయం వేసింది.

వంటింటి తలుపు తెరిచే ఉంది. సుమన అంతా విన్నది. పీట మీద నుంచి లేవకుండానే, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నువ్వు తినకుంటె నేను చెయ్యి ఇయ్య చిన్నమ్మా."

కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. తాజ్‌బీ నవ్వలేదు. వెనక్కి పోయిన ఆ మోచేతులనే చూస్తూ ఉండిపోయింది. హన్మమ్మతో, "పెట్టు" అంది.

హన్మమ్మ పెరుగన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టింది. తాజ్‌బీ తన వేళ్లను చూసుకుంటూ తిన్నది. అయిదు ముద్దలు. వేళ్లకు ఏమీ కాలేదు. నీళ్లు తాగి, కాసేపు గోడకు ఆనుకుని, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి సుమన ముందు కూర్చుంది.

"చెయ్యి ఇడిసెయ్ బిడ్డా."

సుమన చెయ్యి చాపింది. తాజ్‌బీ పట్టుకుని ఒక్కసారి నొక్కింది. నీరు పట్టి మెత్తబడిన చెయ్యి. దాని అడుగున ఎముక తనకు తెలిసినదే. చేతిలోని రెండు నాలుగు గాజును పక్కన పెట్టి గంప అడుగు నుంచి డబ్బా తీసింది. బొటనవేలి మొదట కండను లోపలికి ఒత్తి, గాజును ఒక పక్కగా వంచి, జార్చింది. మొదటిది దాటింది. రెండోదానికి ఆమె నుదుట చెమట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. కుడిచేతికి పదకొండు, ఎడమచేతికి పది. ఒక్కటీ పగలలేదు.

అన్నీ తొడిగాక కూడా తాజ్‌బీ ఆ చెయ్యి వదల్లేదు.

"అయిపాయెనా చిన్నమ్మా?"

"జర ఆగు."

సుమన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి తాజ్‌బీ పూటపూటా తిన్నది. హన్మమ్మ మధ్యాహ్నం వచ్చి గిన్నెల మూతలు తీసి చూసి మరీ పోయేది. మూడో నాటికి వేళ్లు వాచాయి. నాలుగో నాటి పొద్దున గాజు మొదళ్ల దగ్గర ఆగింది. ముందు రోజు ఏం తిన్నానని ఆమె లెక్క చూసుకోలేదు. గాజును మేకుకు తగిలించి లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం బషీర్ వచ్చాడు. జాతర దుమ్ము కడుక్కుని పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, తాజ్‌బీ జొన్న పిండి ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అరచేతులతో ఒత్తుతోంది గాని రొట్టె సాగడం లేదు. అతను ఆమె చేతుల్ని చూశాడు. పిండి తన వైపు లాక్కుని తట్టడం మొదలుపెట్టాడు.

రెండో రొట్టె పెనం మీద వేశాక, "ఎంత?" అన్నాడు.

"రెండు ఆరు."

అతని చెయ్యి పెనం మీదనే ఆగింది.

"పెరిగింది" అన్నాడు.

"నీరు పట్టింది. కానుపైతే దిగుతది."

"మళ్ల రెండు నాలుగుకు వస్తదా?"

"వస్తది" అంది తాజ్‌బీ. "ఎముక గంతనే ఉంది. పట్టి చూసిన."

బషీర్ రొట్టె తిరగేశాడు. కాలాక పళ్లెంలో వేసి, ఆమె తుంచుకునే పని లేకుండా చిన్న ముక్కలు చేసి, పాలకూర పప్పు పక్కన పెట్టి ముందుకు జరిపాడు. తాజ్‌బీ ఒక ముక్క రెండు వేళ్ల నడుమ ఇరికించుకుని నోట్లో పెట్టుకుంది.