గొలుసు అందని దూరం

దరఖాస్తు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట సంగీత "సర్వేయర్" అని రాసింది. తండ్రి ఓదెలు అది చూశాడు. ఆయన మనసులో ఒకసారి పడ్డ మాట హద్దురాయిలా అక్కడే ఉండిపోతుంది.

ఆయన సర్వేయరు కాదు. ముప్పై ఏళ్లు సర్వే శాఖలో భూమి కొలిచే గొలుసు లాగిన చైన్‌మన్. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. సర్వేయరు రాజనర్సయ్య మాత్రం పట్నంలో చదివి వచ్చినవాడు. ఒక వానాకాలం మానేరు నిండుగా పారుతుంటే, వెడల్పు కొలవడం కుదరదని ఆయన చెట్టు కింద కూర్చున్నాడు. ఓదెలు ఏరు దాటకుండానే కొలిచి చూపించాడు. నివేదికలో మాత్రం రాజనర్సయ్య పేరే పడింది. రాజనర్సయ్య చనిపోయినప్పుడు శాఖ అంతా వెళ్లింది, ఓదెలు వెళ్లలేదు.

ఇప్పుడు సొంత బిడ్డే ఆయనను రాజనర్సయ్యను చేసింది.

సంగీత ఫిజిక్సులో ఎమ్మెస్సీ. మైత్రీవనం వెనక సందులో గ్రూప్స్ కోచింగ్ సెంటరొకటి సైన్సు చెప్పేవాళ్ల కోసం చూస్తోంది. ఉద్యోగం ఇవ్వాలంటే పిల్లల ముందు ఒక డెమో క్లాసు చెప్పి మెప్పించాలి. అంతరిక్షంలో దూరాల మీద సంగీత రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ తడబడింది. అంత దూరం ఎవరు పోయి కొలిచారని ఒకడు అడిగితే ఆమె బోర్డు మీద సూత్రం రాసింది. క్లాసంతా నవ్వి గోల చేసింది. ఆదివారం పొద్దున మూడోసారి, అదే పాఠం చెప్పాలి. అదీ పోతే వేరేవాళ్లను పెట్టుకుంటానని సెంటరు నడిపే విజయేందర్ ముందే చెప్పేశాడు.

శనివారం సాయంత్రం ఎస్.ఆర్. నగర్‌లో, తాము అద్దెకుంటున్న ఇంటి డాబా మీద ఆమె పాఠం అప్పజెప్పుకుంటోంది. కాంతి సంవత్సరం అంటే కాలం కాదు, దూరం అంది. పక్కనే వింటున్న ఓదెలుకు ఒళ్లు మండింది.

"నిమిషాలతోని, ఏండ్లతోని దూరం చెప్పుడేంది? మీ అమ్మను అంబులెన్సుల పంజాగుట్ట దవాఖానకు తోల్కపోయిన్నాడు రెండు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. అంటే పంజాగుట్ట దూరం జరిగిందా?"

భార్య సీతాబాయి పోయి ఆరేళ్లయింది. ఆ నలభై నిమిషాలను కూడా ఆయన క్షమించలేదు.

సంగీత చేతిలోని నోట్సు మూసింది. తర్వాత మెల్లగా అంది. "మన ఊర్లె రెండు చుట్టల దూరం అంటరు గద బాపూ. చుట్ట తాగుకుంట నడిచేటోడు ఒక్కతీరుగ నడుస్తడని నమ్మకం. మనుషులు ఒక్కతీరుగ నడువరు. అంబులెన్సు సుత నడువది. శూన్యంల వెలుగు ఒక్కటే ఎప్పుడూ ఒక్కతీరుగ నడుస్తది. అందుకే అది ఏడాది నడిచినంత దూరాన్ని కొలత జేసుకున్నరు. తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు."

ఓదెలు ఆ మాటను రాయి మీద గీటుపెట్టి చూసినట్టు చూశాడు. నికార్సైనదే.

"మరి కొలిచిందెవరు?" అని ఆయనా అడిగాడు. సంగీత మళ్లీ సూత్రం ఎత్తుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. బొటనవేలు ముందుకు చాపి ఎదుటి బిల్డింగు మీది నీళ్ల ట్యాంకును చూడమన్నాడు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూయమన్నాడు. వేలు ట్యాంకు మీద అటూ ఇటూ జరిగింది. తర్వాత మానేరు సంగతి చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పనన్నాడు.

ఆదివారం ఆయన చివరి బెంచీలో కూర్చున్నాడు. సంగీత సూత్రం రాయలేదు. బోర్డు మీద సుద్దముక్కతో ఒక ఏరు గీసింది. అవతలి ఒడ్డున తాడిచెట్టు. ఇవతలి ఒడ్డున చెట్టుకు ఎదురుగా ఒక కర్ర. అక్కడి నుంచి ఒడ్డు వెంట పది గొలుసులు నడిచి మళ్లీ చెట్టును చూస్తే చూపు కొంత వాలుతుంది. ఆ వాలు తెలిస్తే చాలు, కాగితం మీద త్రికోణం గీసి ఏటి వెడల్పు చెప్పొచ్చు. ఏరు దాటే పనే లేదు.

"గట్ల కొలిచింది సర్వేయరా మేడం?" అని ముందు వరసలోంచి ఒకడు అడిగాడు.

సంగీత సుద్దముక్క కింద పెట్టింది. ఓదెలు కళ్లు పైన తిరిగే ఫ్యాను మీద నిలిపాడు.

"కాదు. సర్వేయరు చెట్టు కింద కూసున్నడు. కొలిచింది చైన్‌మన్. మా బాపు. గాడ ఆఖరి బెంచీల ఉన్నడు."

అరవై తలలు వెనక్కి తిరిగాయి. ఓదెలు ఫ్యాను మీంచి చూపు దించలేదు. దించితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

తర్వాత పాఠం ఏటి నీళ్లలా సాగింది. రెండు చుట్టల దూరం నుంచి కాంతి సంవత్సరానికి వచ్చింది. జనవరిలో ఒక కొసన, జూలైలో ఇంకో కొసన భూమి. మధ్యన ముప్పై కోట్ల కిలోమీటర్లు. అందులో సగం, సూర్యుడి నుంచి మనకున్న దూరం, మన గొలుసు. దాని పేరే ఖగోళ ప్రమాణం. ఆ గొలుసుకు ఏ నక్షత్రమైనా, డిగ్రీని మూడువేల ఆరువందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత జరిగితే, అది ఒక పార్సెక్ దూరంలో ఉన్నట్టు. అంటే కాంతికి మూడేళ్ల మూడు నెలల నడక. సూర్యుణ్ణి వదిలేస్తే, మనకు అన్నిటికంటే దగ్గరున్న నక్షత్రం కూడా అంత జరగదు.

"మా హాస్టల్ సుత రెండు చుట్టల దూరమే మేడం, గందుకే లేటు" అన్నాడు ఆలస్యంగా వచ్చిన ఒకడు. క్లాసు నవ్వింది. పోయినసారి నవ్వు కాదు ఇది.

విజయేందర్ అక్కడే, అందరి ముందే, సోమవారం నుంచి రమ్మన్నాడు. ఓదెలు దగ్గరికి వచ్చి, "ఎంత దాక చదివిండ్రన్నా?" అని అడిగాడు.

"ఏడు" అన్నాడు ఓదెలు. జీవితంలో మొదటిసారి ఆ అంకెను గొంతెత్తి చెప్పాడు.

ఆఫీసు గదిలో సంగీత తన ఫారం అడిగి తీసుకుంది. "సర్వేయర్" అన్నదాన్ని కొట్టేసి, పైన "చైన్‌మన్" అని రాసి, తండ్రి ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తగిలించుకుని చాలాసేపు చూశాడు.

"కొట్టేసిన గీత వంకర పోయింది" అన్నాడు. "గొలుసు లాగినోని బిడ్డవు. గీత సీదా ఉండాలె."

సంగీత స్కేలు తెచ్చి, దాని మీదనే మళ్లీ గీసింది.