తండ్రి ఎత్తు

కుర్రాడి ఆట చూడడం మా పనిలో సగమే. మిగతా సగం వాడి అమ్మానాన్నలను చూడడం. పదిహేడేళ్ళవాడు ఇంకెంత పెరుగుతాడో వాడి స్కేట్లు చెప్పవు, బెంచీ మీద కూర్చున్న వాడి తండ్రి భుజాలు చెబుతాయి. అందుకే ఇరవై రెండేళ్ళ పాటు కెనడాలో సస్కాచువాన్‌లోని ప్రతి మంచు హాకీ రింకులోనూ నేను మంచు మీదికన్నా జనం వైపే ఎక్కువ చూశాను. విరామంలో కాఫీ గదిలో చేరితే క్లబ్బులకు ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌట్లమంతా పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన పేరంటాళ్ళలా మాట్లాడుకునేవాళ్ళం. ఫలానావాడి తల్లి పాదాలు పెద్దవి, ఫలానావాడి మేనమామ గుమ్మం దగ్గర వంగి లోపలికి వచ్చాడు, ఇవీ మా కబుర్లు. నేను క్లబ్బుకు పంపే కాగితంలో 'తండ్రి ఎత్తు' అని ఒక గడి ఉండేది. ఆ గడిలో నేను ఒకే ఒక్కసారి అబద్ధం రాశాను.

డార్సీ నెస్ మా ఊరి జూనియర్ జట్టులో ఆడేవాడు. ఆడే రబ్బరు బిళ్ళ, పక్, వాడి కర్రకు అతుక్కుని ఉండేది. కొండల్లాంటి డిఫెండర్లు వాడి కోసం కుడివైపు వెతుకుతుంటే వాడు ఎడమవైపు నుంచి గోల్ కొట్టి వెనక్కి వచ్చేసేవాడు. కానీ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఆ రోజుల్లో క్లబ్బులకు కావలసింది పశువులు, ఆటగాళ్ళు కాదు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని కాఫీ గదిలో మెచ్చుకునేవాళ్ళు, మెచ్చుకుని పేరు కొట్టేసేవాళ్ళు.

ఆ పేరు పూర్తిగా కొట్టేయకుండా ఆపింది వాడి తండ్రి హాల్వర్. నార్వే సంతతి రైతు, ఆరడుగుల మూడంగుళాలు. ఆ మనిషి ఒక్క ఆటలో కూడా కూర్చోలేదు. మేం కాఫీకి వెళ్ళే దారిలో, గేటు పక్కన అద్దానికి ఆనుకుని, ఎత్తు మడమల బూట్లు వేసుకుని చివరిదాకా నిలబడే ఉండేవాడు. నువ్వు కూర్చుంటే మేం కూడా ఆట చూస్తాం కదా హాల్వర్ అని వెనకవాళ్ళు దెప్పేవాళ్ళు. ఆయన నవ్వేవాడే గాని కదిలేవాడు కాదు. కొడుకు మీద బెంగతో కాలు నిలవడం లేదేమో అనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు మనుషుల్ని అంచనా వేసి బతికినవాడి తెలివి అది.

డార్సీ హాల్వర్‌కు పుట్టలేదు. నా తమ్ముడు మైరన్‌కు పుట్టాడు. డెబ్భై ఒకటి నవంబర్లో కంకర రోడ్డు మీద ట్రక్కు పల్టీ కొట్టి మైరన్ పోయాడు. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, చర్చి వంటగదిలో గిన్నెలు తుడుస్తూ, మైరన్ ప్రేమించిన పిల్ల మార్లీన్ తన కడుపు సంగతి నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ శీతాకాలంలోనే హాల్వర్‌ను పెళ్ళి చేసుకుంది. మా అమ్మ తనకో మనవడున్నాడని తెలియకుండానే పోయింది. నేను మాత్రం ప్రతి శీతాకాలం మంచు మీద నా తమ్ముడి నడుం వంపును చూస్తూ వచ్చాను. చూసి ఇంటికెళ్ళి ఒక్కణ్ణే భోంచేసేవాణ్ణి. మా వంశంలో ఐదడుగుల ఏడంగుళాలు దాటిన మగవాడు లేడు. నేనూ అంతే.

ప్రతి జూన్‌లో క్లబ్బులన్నీ ఒకచోట చేరి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను ఒక్కొక్కర్నీ పేరు పిలిచి ఎంచుకుంటాయి. తొంభైలో డార్సీ వంతు వచ్చింది. ఇంకో మూడంగుళాలు వస్తే చాలు కదండీ ఒరెస్ట్ గారూ అని కనబడినప్పుడల్లా అడిగేవాడు. పశువుల కొట్టంలో దూలం పట్టుకుని రోజూ పొద్దున్నే అరగంట వేలాడుతున్నాడని మార్లీన్ నవ్వుతూ చెప్పింది. వాడికి ఆ పిలుపు తప్ప వేరే కోరిక లేదు. చదువు మానేశాడు, పొలం పని వద్దన్నాడు. నేను గడిలో ఆరు అడుగుల మూడు అంగుళాలు అని రాసి, కాగితం మడిచి పంపేశాను.

మార్చిలో మా పెద్ద స్కౌట్ ఫ్లాయిడ్ స్వయంగా వచ్చాడు. డార్సీని పది నిమిషాలు చూశాడు, గేటు దగ్గర నిలబడ్డ హాల్వర్‌ను ఇరవై నిమిషాలు చూశాడు. విత్తు ఒకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని నా వీపు చరిచాడు. జూన్ ఎంపికలో ఏడో విడతలో తీసుకుందామన్నాడు. ఆ రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు.

మేలో ఫోన్ చేశాడు.

"ఒరెస్టూ, ఈ నెస్ కుర్రాడి మీద నీ ఉద్యోగం పందెం కాస్తావా? పెరుగుతారని నువ్వు చెప్పిన ముగ్గురూ పెరగలేదు. పైవాళ్ళు నీ పేరెత్తి మరీ అడుగుతున్నారు."

పెరగొచ్చు, పెరక్కపోవచ్చు, అది దేవుడి చేతిలో ఉంది అని నసిగాను. నసుగుడు వింటే ఫ్లాయిడ్ వదిలే రకం కాదు.

"గాదెలాంటి మనిషి కొడుకు పెరక్కపోవడమేంటయ్యా? ఏంటి దాస్తున్నావ్?"

"హాల్వర్ వాడి కన్నతండ్రి కాదు," అన్నాను.

అవతల పెన్సిలు గీసిన చప్పుడు వినబడింది. మంచిపని చేశావు, మన మధ్యే ఉంటుందిలే అని ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పాను, వృత్తికి ద్రోహం చేయలేదు అని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పించింది నిజం కాదు, భయం. యాభై నాలుగేళ్ళ వయసులో ఉద్యోగం పోతే నాకు రింకుల్లో కూర్చునే సాకు కూడా ఉండదని భయం. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని మా వంటి వాగుడుకాయల కోసమే ఎవరో చెప్పి ఉంటారు.

స్కౌట్ల మధ్య రహస్యం ఎన్నాళ్ళుంటుంది? జూన్ మొదటివారంలో మార్లీన్ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే నిలబడింది. రెజైనా నగరంలో ఓ హోటల్లో ఏదో క్లబ్బువాళ్ళు డార్సీని ముఖాముఖి మాట్లాడ్డానికి పిలిచారట. స్కేట్ల సైజు అడిగారు, ఏం తింటావని అడిగారు. తర్వాత, నీ అసలు తండ్రి ఎంత ఎత్తు బాబూ అని అడిగారు. వీడు నవ్వి, గేటు దగ్గర నిలబడతాడు కదండీ, చూళ్ళేదా అన్నాడట. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

"చెప్పింది నువ్వే కదూ?" అంది.

అవునన్నాను. తిడుతుందని చూశాను, తిట్టలేదు. హాల్వర్‌కు ఇది తెలిస్తే ఏమైపోతాడో అన్నాను. అప్పుడు నావైపు చూసిన చూపు ఈనాటికీ నన్ను వదల్లేదు.

"హాల్వర్‌కి పెళ్ళికి ముందే చెప్పాను. ఆయనకి తెలుసని నీకే చెప్పలేదు. రెండేళ్ళ నుంచి ఆ మనిషి అక్కడెందుకు నిలబడ్డాడనుకున్నావ్? మోకాళ్ళ నొప్పులతో, ఆ బూట్లేసుకుని? మీరంతా చూడాలనే. వాడికివ్వడానికి నా దగ్గరున్నది ఈ ఎత్తొక్కటే మార్లీన్ అనేవాడు. అది కూడా లేకుండా చేశావు నువ్వు."

వెళ్ళబోతూ మళ్ళీ ఆగింది.

"అసలు తండ్రి చచ్చిపోయాడని మాత్రం వాడికి చెప్పాను. పేరు నువ్వే చెప్పు. ఊరూరా చెప్పినవాడివి, ఆ ఒక్కటీ మిగల్చడమెందుకు?"

ఎంపిక రోజున నేను మా క్లబ్బు బల్ల దగ్గరే కూర్చున్నాను. రెండు వందల యాభై పేర్లు పిలిచారు. ఏడో విడతలో ఫ్లాయిడ్ ఒక ఆరడుగుల నాలుగంగుళాల వాణ్ణి తీసుకున్నాడు. వాడు స్కేట్ల మీద మలుపు కూడా తిరగలేడు. చివరి పేరు అయ్యేసరికి హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. నెస్ వాళ్ళ వంటింట్లో ఫోన్ చుట్టూ ముగ్గురు కూర్చుని ఉంటారని తెలుసు. నేను ఫోన్ చెయ్యలేదు. నా ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగించారు.

జూలైలో గడ్డి కోతలప్పుడు డార్సీ వచ్చాడు. చొక్కా నిండా గడ్డి పరకలు. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు. ఎవరు అని అడుగుతాడని నెల రోజులుగా జవాబు కూడబలుక్కుంటున్నాను. వాడు అది అడగలేదు.

"ఎంత ఎత్తుండేవాడు?"

"నా అంత," అన్నాను. "నా తమ్ముడు."

వాడు ఒకడుగు దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళు నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. నా రక్తం నన్ను ఇలా చూడాలని పద్దెనిమిదేళ్ళు ఎదురు చూశాను. చూసింది కొలతకు.

"అయితే ఇంక పెరగనన్నమాట."

"పెరగవు నాన్నా."

తలూపాడు. మైరన్ ఫొటో తీసి ముందే బల్ల మీద పెట్టుకున్నాను, వాడు అటు చూడను కూడా లేదు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగాడు.

"నాకు తెలిసిపోయిందని మా నాన్నకి తెలీదు. చెప్పొద్దని అమ్మతో కూడా అన్నాను. మీరు చెప్పకండి. ఈ ఒక్కసారికి."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. ఆ ఏడాదంతా నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

నవంబర్లో మా ఊరి పెద్దల జట్టు మొదటి ఆట. కిరాణా కొట్టువాడూ, ట్రాక్టరు మెకానిక్కూ, పొద్దున పాలు పితికి వచ్చిన రైతులూ ఆడే జట్టు. ఆ జట్టులో డార్సీ ఉన్నాడు. ఆ ఆటలకు స్కౌట్లు రారు. నేను వెళ్ళాను, పై వరసలో ఓ మూల కూర్చున్నాను.

హాల్వర్ కాస్త ఆలస్యంగా వచ్చాడు. కాళ్ళకు మామూలు రబ్బరు బూట్లు. గేటు దగ్గర క్షణం ఆగాడు. తర్వాత మెట్లెక్కి, మోకాలు పట్టుకుని, జనం మధ్య ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. డార్సీకి తెలిసిపోయిన సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. చిన్న ఊరు, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కూర్చుంటే ఆయన కూడా అందరి ఎత్తే ఉన్నాడు.

డార్సీ మంచు మీదికి వస్తూనే గేటు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.